సెకనులో పదో వంతు

“ఎనిమిది మందీనా?” అని అడిగాడు బాబ్జాన్.

“ఎనిమిది మంది సార్,” అంది అఫ్షాన్, తెర మీంచి చూపు తిప్పకుండానే. “ఫస్ట్ వచ్చినాయన నుంచి లాస్ట్ వచ్చినాయన దాకా. అందరికీ పర్సనల్ బెస్టే.”

“అంటే పుట్టినప్పటి నుంచి ఎన్నడూ పరిగెత్తనంత జోరుగా నిన్న పరిగెత్తినారు. అందరూ కలిసి, ఒకే పరుగులో.”

“ట్రాక్ మంచిగున్నది సార్. గాలి కూడ వెనక నుంచే ఉండె.”

“ఎంత గాలి?”

“ప్లస్ జీరో పాయింట్ త్రీ.”

“దీపం కూడా ఆరదమ్మా ఆ గాలికి.”

బాబ్జాన్ కుర్చీలో వెనక్కి వాలి, కుడి మోకాలి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. ఫినిష్ గీతకు పైన కట్టిన ఈ గాజు గదిలోకి రావడానికి నలభై రెండు మెట్లెక్కాడు. ఉదయం తొమ్మిదీ నలభై. జెద్దా ఎండ అప్పుడే గాజు మీద పడి మండుతోంది.

ప్రొద్దుటూరు మనిషి. కడప పోలీసు శాఖలో ఇరవై ఏళ్లు, ఆ తర్వాత ఇక్కడ ఇన్సూరెన్స్ సర్వే ఆఫీసులో పద్నాలుగేళ్లు. క్రేన్లు కూలిన చోట్ల, బాయిలర్లు పేలిన చోట్ల నిలబడి, పోయిన వేలెవరిది, తప్పెవరిది అని రాసి రాసి అతనికి విసుగు పుట్టి చాలా కాలమైంది. ఇంకో పన్నెండు రోజుల్లో ఫైనల్ ఎగ్జిట్, ఈ దేశం వదిలి శాశ్వతంగా ఇంటికి. పొద్దున్నే ఆఫీసు యజమాని రాధాకృష్ణ ఫోన్ చేసి “చిన్న యాక్సిడెంట్ కేసండీ, ఒక్క పూట పని, మీకే ఇవ్వాలనిపించింది” అంటే, కాదనడానికి కూడా ఓపిక లేక సరేనన్నాడు.

కేసు కాగితం మీద చిన్నదే. ఈ అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీలు మొదలై ఇది రెండో ఏడు. నిన్న సాయంత్రం ఐదూ నలభైకి మగవాళ్ల వంద మీటర్ల ఫైనల్. గెలిచినవాడి టైం తొమ్మిదీ తొంభై ఏడు. ఇక్కడ పది సెకన్ల లోపు ఎవరైనా పరిగెత్తడం అదే మొదటిసారి. స్టేడియం ఊగిపోయింది. ఐదూ యాభై ఎనిమిదికి స్టార్ట్ లైన్ టెక్నీషియన్ దిలావర్, సొరంగం మెట్ల మీద తల పగిలి కనిపించాడు. మదనపల్లె కుర్రాడు, ముప్పై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. నిర్వాహకుల రిపోర్టు రెండు లైన్లు: తడి మెట్లు, కాలు జారింది, సొంత అజాగ్రత్త. దాని కింద బాబ్జాన్ సంతకం పెడితే దిలావర్‌కు ఏమీ రాదు. ఉద్యోగం కూడా ఉండదు.

“చేతి స్టాప్‌వాచ్‌ల వాళ్లున్నారంట కదా?” అన్నాడు.

“ముగ్గురుంటరు సార్. మిషన్ ఆగితే పనికొస్తదని పెడ్తరు. కానీ లెక్కల్లోకి తీస్కోరు.”

“వాళ్ల షీట్లు ఇటియ్యి. పొద్దున తొలి రౌండు హీట్స్‌వి, సాయంత్రం ఫైనల్‌వి.”

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడాన్ని బాబ్జాన్ చూశాడు. ఆమె సొరుగులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. అతను కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

“తుపాకి పొగ చూసి మనిషి బటన్ నొక్కేలోపల కొంచెం ఆలస్యమైతాది. అందుకే చేతి టైం ఎప్పుడూ మిషన్ కంటే తక్కువొస్తాది. అవునా?”

“అవును సార్. టూ టెన్త్స్ దాకా.”

“పొద్దున హీట్‌లో మిషన్ పదీ పద్నాలుగు, చేయి తొమ్మిదీ తొంభై రెండు. ఇరవై రెండు వందో వంతులు తేడా. రెండో హీట్‌లో కూడా ఇరవై రెండే. ఫైనల్‌లో మిషన్ తొమ్మిదీ తొంభై ఏడు, చేయి తొమ్మిదీ ఎనభై ఐదు. పన్నెండే తేడా. ముగ్గురి చేతులూ ఒకేసారి అంత చురుకైనాయా? లేకపోతే మిషన్‌కే పదో వంతు సెకను ఎగిరిపోయిందా?”

అఫ్షాన్ కళ్లు దించుకుంది. టోలీచౌకి అమ్మాయి. ఇంజనీరింగ్ చదివి, ఈ గదిలో ఫోటోలు చదివే ఉద్యోగానికి వచ్చి ఎనిమిది నెలలైంది.

“మిషన్ కరెక్టే సార్. ఐదూ పదికి టెస్ట్ చేసినం. తేడా సున్నా. నేను ఈ గదిలకెళ్లి కదల్లే.”

“నువ్వు కదిలినావని నేననలేదు. ఏమిన్నావని అడుగుతుండా.”

బాబ్జాన్ తొందరపెట్టలేదు. తొందరపెట్టే ఓపిక కూడా అతనికి లేదు. ఆఖరికి ఆమే గొంతు తగ్గించి చెప్పింది.

“ఐదూ నలభై నాలుగుకి దిలావర్ భాయ్ వాకీటాకీల మాట్లాడిండు. ‘అఫ్షాన్ గారూ, రిజల్ట్ అఫీషియల్ చేయొద్దు, ఆపండి, నేను వస్తన్నా’ అన్నడు. గొంతు ఒణుకుతుండె. నేను మేనేజర్ ధీరజ్ సార్‌ని అడిగిన. టీవీ వాళ్లు వెయిట్ చేస్తున్నరు, పంపించెయ్ అన్నడు. పంపించిన.”

“ఈ మాట రిపోర్టులో లేదు.”

“రాయొద్దన్నరు సార్. నా అకామా వాళ్ల చేతుల్నే ఉన్నది, అది లేకుంటే ఈడ ఉండనియ్యరు.” ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. “నేను ఆపితే భాయ్ బతుకు మంచిగుంటుండె గదా?”

బాబ్జాన్ షీట్లు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

---

సొరంగం తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర రాధాకృష్ణ స్వయంగా అందించిన కార్డును బాబ్జాన్ ఆనించాడు. పచ్చ దీపం వెలిగింది.

పద్నాలుగు మెట్లు, కిందికి. ఆ చివర రిఫరీ గది. మెట్లను కడిగేశారు. అయినా ఆరో మెట్టు అంచున, రబ్బరు పట్టీ కింద, ఎండిన రక్తం సన్నటి గీతలా మిగిలింది. బాబ్జాన్ కష్టంగా వంగి మెట్టును వేలితో రాసి చూశాడు. గరుకు రాయి. నీళ్లు పోసినా కాలు జారే రకం కాదు.

జేబులోంచి ఆసుపత్రి కాగితం తీశాడు. దెబ్బ నడినెత్తిన. రెండంగుళాల సన్నటి గాటు.

జారిన మనిషి ముందుకు పడితే నుదురు పగులుతుంది, వెనక్కి పడితే వెనక భాగం. నడినెత్తిన తగలాలంటే మెట్టే పైనుంచి వచ్చి పడాలి. లేదా పై మెట్టు మీద ఎవరో నిలబడి ఉండాలి.

బాబ్జాన్ నిట్టూర్చి, మోకాలు పట్టుకుని లేచాడు. ఒక్క పూట పని అన్నారు. ఎప్పుడూ అదే మాట అంటారు.

---

స్టార్ట్ గీత దగ్గర నాగేందర్ ఒక్కడే, పరిగెత్తేవాళ్లు కాళ్లు ఆనించే బ్లాకులు బిగిస్తున్నాడు. కరీంనగర్ మనిషి, నలభై దాటినవాడు. పరుగు మొదలయ్యే చోట సామాను మోసి అమర్చడం అతని పని. దిలావర్‌ను మెట్ల మీద మొదట చూసిందీ అతనే. బాబ్జాన్‌ను చూడగానే లేచి చేతులు తుడుచుకున్నాడు.

“సాయంత్రం మళ్లీ పరుగుందా?”

“ఐదింటికి సార్. ఆడోళ్ల వంద మీటర్లు.”

“తుపాకి పేలంగానే గడియారం ఎట్ల మొదలైతాది?”

నాగేందర్, తుపాకి పేల్చే స్టార్టర్ నిలబడే పీట కాలికి బిగించిన చిన్న నల్ల డబ్బాను చూపించాడు. “గిది సార్. సప్పుడు ఇంటది. ఇన్నంక వైరు మీద గడియారానికి చెప్తది.”

“నిన్న సాయంత్రం కూడా ఇదే కాలికి ఉండెనా?”

“ఉండె సార్.”

బాబ్జాన్ డబ్బా దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. డబ్బా వీపున ఏదో జిగురు అంటి, దాని మీద నీలం రంగు పెచ్చు ఊడివచ్చి ఉంది. పీట కాలు ఇనుముది. రంగు లేదు. అతను తల ఎత్తి చుట్టూ చూశాడు. నీలం రంగు ఒక్క చోటే ఉంది. వెనక, ట్రాక్ వంపు దగ్గర వరసగా నిలబెట్టిన ప్రకటనల బోర్డులు.

ఏమీ మాట్లాడకుండా నడిచాడు. మూడో బోర్డు వెనకవైపు, అరచెయ్యంత ఎత్తులో, రంగు ఊడిన చదరపు మచ్చ కనిపించింది. డబ్బా సైజు మచ్చే.

“నాగేందర్, టేపు తీసుకురా. పొడుగుది.”

ఇద్దరూ కొలిచారు. పీట కాలి నుంచి మచ్చ దాకా ముప్పై ఐదు మీటర్లు, నాలుగు వేళ్లు.

బాబ్జాన్ బోర్డు నీడలో నిలబడి చెమట తుడుచుకున్నాడు. “ఈ వేడిలో శబ్దం సెకనుకు మూడువందల యాభై మీటర్లు పోతాది. ముప్పై ఐదు మీటర్లు పోవడానికి ఎంత పడుతుందో లెక్క నీకు తెలుసా?”

“నాకేం ఎరుక సార్.”

“పదో వంతు సెకను. తుపాకి పేలింది, ఎనిమిది మందీ ఉరికినారు. ఆ సప్పుడు ఇక్కడిదాకా నడిచొచ్చినాక గడియారం మొదలైంది. అందుకే అందరికీ జన్మలో లేని టైం. పదీ జీరో ఏడు పరిగెత్తినోడికి తొమ్మిదీ తొంభై ఏడు.” గొంతు పెంచలేదు. “డబ్బా ఎవరు మార్చినారు నాగేందర్?”

నాగేందర్ నేల చూపులు చూశాడు.

“నీ కొడుకుల మీద ఒట్టెయ్యమని అడగను. ఆ పిల్లోడు అక్కడ ట్యూబుల మధ్య పడుండాడు. అది చాలు.”

“నేనే పెట్టిన సార్,” అన్నాడు నాగేందర్. “ఐదూ ముప్పై రెండుకు. టీవీల కనవడ్తుందట, జెర ఎనకకు పెట్టు నాగన్నా అన్నడు. నేను పెట్టిన. నాకు గీ లెక్కలు తెల్వయ్.”

“ఎవరన్నారు?”

“దిలావరే సార్.”

బాబ్జాన్ పొద్దుటి నుంచి తెలియకుండానే ఆ కుర్రాడి పక్షాన నిలబడిపోయాడు. తన సీమవాడనో, తనలాగే ఒంటరిగా పడున్నవాడనో.

“ఎందుకు చేసినాడు?”

“అకామా అయిపోయి ఏడాదైంది సార్. ఎగ్జిట్ ఇస్తలేరు. ఇంటికి పోక నాలుగేండ్లు. పోయిన నెల వాళ్లమ్మ సచ్చిపోతే ఫోన్ల చూసిండు. ఈ ఒక్క పని చేస్తే కాగితాలన్నీ సాఫ్ చేపిస్తనని ఎవరో పెద్దసారు చెప్పిండట. ఎవరో నాకు చెప్పలే.” నాగేందర్ బోర్డు మీది మచ్చ వైపు చెయ్యి చూపించాడు. “పరుగైనంక ఉరికొచ్చి డబ్బా తనే పీకిండు. తిరిగి పీటకు పెట్టిండు. ‘తప్పు చేసినా నాగన్నా, ఆ లాస్ట్ వచ్చిన పిల్లోడు ఎట్ల ఏడ్సినాడో చూసినావా, నా బెస్ట్ టైం అని మోకాళ్ల మీద పడి ఏడ్సినాడు, అది అబద్ధం కదా’ అన్నడు. రిఫరీకి చెప్పొస్తనని సొరంగం దిక్కు పోయిండు. శానాసేపు రాకపోతే ఎదురువోయి చూసిన. గట్ల పడి ఉన్నడు.”

---

గోల్ఫ్ బండి వచ్చి వాళ్ల పక్కనే ఆగింది. దిగినవాడు ధీరజ్, పోటీల ఆపరేషన్స్ మేనేజర్. గుంటూరువాడు, ముప్పై ఆరేళ్లుంటాయి. చేతిలో టాబ్లెట్, చెవిలో ఇయర్‌ఫోన్.

“బాబ్జాన్ గారూ, మీరు చూడాల్సింది మెట్లండీ. ట్రాక్ మీద మీకేం పని? మీ స్కోప్ యాక్సిడెంట్ క్లెయిమ్ వరకే.”

“మెట్లు చూసినా. అవి ఎవరినీ జార్చే రకం కాదు.”

“సైన్ చేసి వెళ్లిపోండి. ఈవెనింగ్ లైవ్ ఉంది నాకు.”

“రిజల్ట్ ఆపమన్న మాట మీకు చేరింది. రిపోర్టులో రాయనియ్యలేదు.”

ధీరజ్ మొహం ఎర్రబడింది. “అఫ్షాన్ చెప్పిందా?”

“మీ మొహం చెప్పింది.”

“చూడండీ, లైవ్‌లో ఒక టెక్నీషియన్ వణుకుతూ ఆపండి అంటే ఆపేస్తారా ఎవరైనా? నూట ఇరవై దేశాల్లో ఫీడ్ వెళ్తోంది. నేను నా డ్యూటీ చేశాను.”

బాబ్జాన్ అతన్ని చెయ్యి పట్టుకుని బోర్డు వెనక్కి తీసుకెళ్లి మచ్చ చూపించాడు. కొలత చెప్పాడు. చేతి టైంల షీట్లు విప్పాడు. ధీరజ్ రెండుసార్లు మొబైల్‌లో లెక్క వేసుకున్నాడు. నిజంగానే అతనికి ఇదేమీ తెలియదని ఆ రెండో లెక్కతో తేలిపోయింది. కానీ మరుక్షణమే కోలుకున్నాడు.

“ఓకే. అయితే దిలావరే చేశాడు. గిల్టీ కాన్షన్స్‌తో పరిగెత్తాడు, పడ్డాడు. కేస్ క్లోజ్డ్. మీ వాడని కాపాడుతున్నారు మీరు.”

“మావాడే. తప్పు కూడా మావాడిదే. కానీ తప్పు ఒప్పుకోడానికి పోతుండిన మనిషిని నెత్తిన కొట్టినారు. అది ఎవరి లెక్కలో రాస్తావప్పా?”

“మీతో ఎవరండీ వాదిస్తారు!” ధీరజ్ విసురుగా ఫోన్ తీసి, ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి, బాబ్జాన్ చేతిలో పెట్టాడు. “మీ బాస్.”

“ఎందుకండీ బాబ్జాన్ గారూ, ఈ ఎండలో ఈ తంటా?” రాధాకృష్ణ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. “పన్నెండు రోజుల్లో ఇంటికెళ్లే మనిషి మీరు. సంతకం పెట్టేసి హాయిగా పడుకోండి. ఆ కుర్రాడి సంగతి నేను చూసుకుంటానండీ. ఆసుపత్రికే వచ్చాను, కింద పార్కింగ్‌లో ఉన్నా.”

బాబ్జాన్‌కు ఒక్క క్షణం నిజంగా కుర్చీ కావాలనిపించింది. పద్నాలుగేళ్లుగా తనను ‘గారూ’ అని పిలిచిన గొంతు అది. “సరే సార్” అని ఫోన్ తిరిగిచ్చాడు. జేబులోంచి పెన్ను కూడా తీశాడు. తీసి, క్యాప్ విప్పకుండా పట్టుకున్నాడు.

“ఒక్కటి చూపించు ధీరజ్. సొరంగం తలుపు ఎవరెవరి కార్డుతో తెరుచుకుందో రాసుంటాది కదా. నిన్న ఐదున్నర నుంచి ఆరు దాకా. అది చూసినాక పెడతా.”

“చూడండి, మీ సాటిస్‌ఫాక్షన్ కోసం.” ధీరజ్ టాబ్లెట్ మీద వేలు జరిపాడు. “ఐదూ నలభై ఏడు, దిలావర్. తర్వాత…”

ఆగిపోయాడు. టాబ్లెట్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నిన్న మీరు ఇక్కడికి వచ్చారా?”

“లేదు. ఈ పొద్దే మొదటిసారి.”

“ఐదూ నలభై ఎనిమిదికి ఇంకో కార్డ్ పడింది. నంబర్ నాలుగు వందల పదిహేడు.” ధీరజ్ చూపు బాబ్జాన్ మెడలో వేలాడుతున్న కార్డు మీదికి దిగింది. “మీ పేరు, మీ ఫోటో.”

నాగేందర్ చేతిలోని టేపు సర్రున చుట్టుకుపోయింది.

బాబ్జాన్ కార్డు తిప్పి చూశాడు. నాలుగు వందల పదిహేడు. పాత పోలీసు బుర్ర తన పని తను చేసుకుపోయింది.

“ఈ కార్డు కావాలని మీకు ఎప్పుడు రాసినారు?”

“నిన్న…” ధీరజ్ వెతికాడు. “నిన్న మధ్యాహ్నం రెండూ ఐదు. మీ ఆఫీస్ మెయిల్. రాధాకృష్ణ గారే పంపారు. సాయంత్రం నాలుగింటికి ఆయనే వచ్చి కలెక్ట్ చేసుకున్నారు.”

“దిలావర్‌కు దెబ్బ తగిలింది ఐదూ నలభై ఎనిమిదికి. ఆ యాక్సిడెంట్ చూడటానికి నా పేరు రెండూ ఐదుకే రాసినారు.”

ఎండ బోర్డు మీంచి జరిగి వాళ్ల కాళ్ల మీదికి వచ్చింది.

“ఆయనకేం అవసరమండీ ఇదంతా?” అన్నాడు ధీరజ్, గొంతు మారిపోయి. వెంటనే తనే చెప్పుకున్నాడు. “ఈ ట్రాక్ వేసిన కంపెనీలో ఆయన పార్ట్‌నర్. పేరు బయటికి రాదు, కానీ మీటింగ్స్‌కి వచ్చేవారు. మీకు తెలీదా? పది సెకన్ల లోపు పరిగెత్తిన ట్రాక్ అంటే ఇంకో మూడు స్టేడియాలు వాళ్లకే వస్తాయి.”

బాబ్జాన్‌కు అప్పుడు అర్థమైంది, ఆఫీసులో ఇంకో ఐదుగురుండగా ఈ కేసు తనకే ఎందుకిచ్చారో. టైం మీద ఎవరైనా నోరెత్తితే ఇన్సూరెన్స్ తరఫున పైపైన చూసి సంతకం పెట్టే మనిషొకడు ముందే కావాలి. మోకాళ్లు అరిగిపోయినవాడు, ఏదీ పట్టించుకునే ఓపిక లేనివాడు, పన్నెండు రోజుల్లో విమానమెక్కి మళ్లీ కనపడనివాడు. అతని అలసటను పద్నాలుగేళ్లు దగ్గరగా చూసి, నమ్మి ఎంచుకున్నారు. దిలావర్ ఎదురు తిరిగేసరికి జేబులో ఉన్న అదే కార్డు ఇంకో పనికి కూడా వచ్చింది. ఆ సంతకం గనక పడకపోతే నేరం ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆ కార్డు మీదే రాసి ఉంది.

కోపం రావాల్సింది. కోపం కంటే ముందు ఇంకో సంగతి తట్టింది.

ఫోన్ తీశాడు. దిలావర్ మంచం దగ్గర కాపలా ఉండి పొద్దున తనతో ఫోన్‌లో మాట్లాడిన రూమ్మేట్ జబీ నంబరు నొక్కాడు. నాలుగు రింగుల తర్వాత ఎత్తాడు.

“జబీ, యాడుండావు?”

“కింద క్యాంటీన్ కాడ అన్నా. రాత్రంతా నిద్ర ల్యాకుండా ఉండావు, పోయి చాయ్ తాగిరాపో అన్నాడు సారు.”

“ఏ సారు?”

“మీ సారే అన్నా, రాధాకృష్ణ సారు. మీరే పంపించినారని చెప్పినాడే. దిలావర్ కాడ ఆయప్ప కూర్చోనుండాడు.”

“ఎంతసేపైంది?”

“ఇప్పుడే అన్నా. రెండు నిమిషాలు కూడా కాలేదు.”

“వార్డు ఎన్నో అంతస్తు?”

“నాలుగు. ఏమైందన్నా?”

“నర్సును కేకేసుకుంటా పైకి పో. చాయ్ పారెయ్. లిఫ్ట్ కోసం నిలబడొద్దు, మెట్లెక్కు.” బాబ్జాన్ బండి వైపు కుంటుతూ అరిచాడు. “పరిగెత్తు జబీ. పరిగెత్తు!”

గ్లాసు పగిలిన చప్పుడు. తర్వాత ఇనుప తలుపు. తర్వాత మెట్ల మీద అడుగులు, ఎగశ్వాస. ధీరజ్ అప్పటికే “గేటు దాకా, అక్కణ్నుంచి కారు” అంటూ బండిలో కూర్చుని తాళం తిప్పుతున్నాడు. బాబ్జాన్ ఫోన్‌ను చెవికి నొక్కిపెట్టుకుని అతని పక్కన ఎక్కాడు. ఒకటో అంతస్తు. రెండు. మూడో అంతస్తు దగ్గర జబీ అడుగులు తడబడ్డాయి, మళ్లీ అందుకున్నాయి. తలుపు తోసిన చప్పుడు వినిపించింది.

“అన్నా,” అన్నాడు జబీ, రొప్పుతూ. “వార్డు తలుపుకు లోపల నుంచి గడియ పెట్టినారు.”